పేపర్ మీద 22 శాతం ప్రోటీన్, పొట్టలో కొవ్వు: ఒక బ్రాయిలర్ బ్యాచ్ కేసు

"తింటున్నయి సార్. తిన్నది ఎటు పోతున్నదో తెల్వది."

2021 ఆగస్టు నెలాఖరులో ఒక రైతు ఫోన్ చేసి అన్న మొదటి మాట ఇది. సిద్దిపేట దగ్గర ఊరు. రెండు షెడ్లు, ఒక్కో షెడ్డులో 3,000 బ్రాయిలర్ పిల్లలు. మా వైపు బ్రాయిలర్ ఫారాలు చాలావరకు ఇంటిగ్రేషన్ కంపెనీల కిందే నడుస్తాయి. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి; షెడ్డు, కష్టం రైతువి. ఈయన అలా కాదు. పిల్లల్ని సొంతంగా కొంటాడు, ఇంటి వెనక చిన్న మిక్సర్ పెట్టుకుని దాణా తనే కలుపుకుంటాడు. పన్నెండేళ్ల అనుభవం. కోళ్ల విషయంలో ఆయన కన్ను నాకంటే పదునైనది. అలాంటి మనిషి "తెల్వది" అన్నాడంటే ఫోన్ పెట్టేసి బయల్దేరాల్సింది.

నేను బయల్దేరలేదు. పిల్లల వయసు అడిగాను, 15 రోజులన్నాడు. పెరుగుదల తక్కువ, పిల్లలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, ఈకలు సరిగా రావడం లేదు, చావులు మాత్రం మామూలే. వానాకాలం, తడి ఊక, రెండు వారాల వయసు. వినగానే కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు అనుకున్నాను. నీళ్లలో మందు, దాంతోపాటు లివర్ టానిక్ ఫోన్‌లోనే చెప్పేశాను. ఆ పొరపాటు ఖరీదు ఆరు రోజులు. బ్రాయిలర్ బతికేదే నలభై రోజులు, అందులో ఆరు.

మందు అయిపోయింది, తేడా లేదు. 21వ రోజున వెళ్లాను.

షెడ్డులోకి అడుగుపెట్టగానే తేలిపోయిన సంగతి ఒకటుంది: ఇవి జబ్బు కోళ్లు కావు. జబ్బు పడ్డ పిల్ల ముడుచుకుంటుంది, కళ్లు మూస్తుంది, దాణా డబ్బా దగ్గరికి రాదు. ఇవి హుషారుగా తిరుగుతున్నాయి, డబ్బాల చుట్టూ తోసుకుంటున్నాయి. కాకపోతే చిన్నవిగా ఉన్నాయి. వీపు మీద ఈకలు పలచన, రెక్కల ఈకలు కొన్ని అడ్డంగా పొడుచుకొచ్చి ఉన్నాయి. రెండు షెడ్లలో ఆరు చోట్ల జాలి అడ్డంపెట్టి, దొరికినవాటిని దొరికినట్టు 120 పిల్లల్ని తూచాం. సగటు 655 గ్రాములు. రైతు దగ్గర పాత బ్యాచ్‌ల నోటుబుక్కు ఉంది, అదే షెడ్డులో అదే వయసుకు 860 గ్రాములు రాసి ఉంది. తిన్న దాణా చూస్తే పిల్లకు 1.12 కిలోలు, పాత బ్యాచ్‌లో 1.18. అంటే మేత పెద్దగా తగ్గలేదు, బరువు మాత్రం దాదాపు నాలుగో వంతు తగ్గింది. 21 రోజులకు ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువుకు తిన్న దాణా, 1.37 ఉండేది 1.71కి పోయింది. ఆయన ఫోన్‌లో అన్నమాట అక్షరాలా నిజం. తిన్నది ఎటో పోతోంది.

నా మనసు అప్పటికీ జబ్బు వైపే లాగుతోంది. పెరగని పిల్లలు, హెలికాప్టర్ రెక్కల్లా పొడుచుకొచ్చిన ఈకలు చూస్తే ఎవరికైనా ముందు తోచేది రంటింగ్-స్టంటింగ్. పేగులు దెబ్బతిని, తిన్నది ఒంటికి పట్టని జబ్బు అది. సగటు బరువున్న పిల్లల్ని నాలుగింటిని కోసి చూద్దామన్నాను.

మొదటి పిల్లను షెడ్డు బయట వేపచెట్టు కింద బల్ల మీద పెట్టి పొట్ట తెరిచాను. కత్తి తోలు దాటగానే లేత పసుపు రంగు కొవ్వు బయటికి తన్నుకొచ్చింది. కందనకాయ చుట్టూ గౌను తొడిగినట్టు ఒక పొర, కింద మలద్వారం దాకా మందంగా మరో ముద్ద. మూడు వారాల పిల్లలో అంత కొవ్వు నేను ఎప్పుడూ చూడలేదు. రైతు భార్య ఇంట్లోంచి వంటింటి తూకం తెచ్చి ఇచ్చింది. పిల్ల 660 గ్రాములు, పొట్టకొవ్వు 14 గ్రాములు. రెండు శాతం పైనే. రొమ్ము కండ రెండు పక్కలా ఎముక నుంచి ఒలిచి తూచాను, 92 గ్రాములు. రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగులుతోంది. మిగతా మూడూ దాదాపు అంతే. సరిపోల్చడానికి పక్క ఊళ్లో, అదే వయసున్న ఇంకో ఫారం నుంచి ఒక పిల్లను తెప్పించాం. అది 850 గ్రాములు, కొవ్వు 9 గ్రాములు, రొమ్ము 150.

రెండు పిల్లల్నీ పక్కపక్కన పెట్టి కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. చిన్న పిల్లలో కొవ్వు ఎక్కువ, పెద్ద పిల్లలో తక్కువ.

రంటింగ్-స్టంటింగ్ అనుమానం అక్కడే పోయింది. పేగులు పాడై తిన్నది ఒంటికి పట్టని పిల్ల బక్కచిక్కుతుంది. దాని పొట్టలో కొవ్వు వెతికినా దొరకదు. రెట్టలో అరగని మక్క నూక కనిపిస్తుంది, కాళ్లు పాలిపోతాయి. ఇక్కడ పేగులు శుభ్రంగా ఉన్నాయి, కాక్సిడియోసిస్ మచ్చలు లేవు, గంబోరో అనే వైరస్ జబ్బు వస్తే ఉబ్బాల్సిన బర్సా గ్రంథి మామూలుగా ఉంది. పైగా రంటింగ్‌లో కొన్ని పిల్లలు మాత్రమే మరుగుజ్జులవుతాయి. ఇక్కడ మంద మొత్తం కిందికి దిగింది. ఈ పిల్లలకు శక్తి అందుతోంది, అరుగుతోంది, ఒంటికి పడుతోంది. పడాల్సిన చోట పడటం లేదు.

ఒక్క విషయం మాత్రం మళ్లీ తికమక పెట్టింది. కార్జం పాలిపోయి, మట్టి పసుపు రంగులో, వేలితో నొక్కితే చిట్లేలా ఉంది. దాణాలో పల్లి చెక్క ఉందని అప్పటికే తెలుసు. పల్లి చెక్క, వానాకాలం, పసుపు కార్జం కలిశాయంటే బూజు వదిలే విషం అఫ్లటాక్సిన్ గురించి ఆలోచించకపోతే తప్పే. దాణా శాంపిల్ పంపించాం. కోడి దాణాకు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు 20 పీపీబీ, అంటే వంద కోట్ల వంతుల్లో 20. ఇది 14 వచ్చింది. సంతోషించాల్సిన అంకె కాదు గానీ మందను ఇంతలా కుదేలు చేసే అంకె కూడా కాదు. కోళ్లలో కొవ్వు తయారయ్యేది ముఖ్యంగా కార్జంలోనే. అక్కడ తయారీ ఎక్కువైతే కార్జం కూడా కొవ్వు పట్టి పసుపెక్కుతుంది. నేను చూసింది అదే అని నా అంచనా.

మిగిలింది దాణా. మిక్సర్ దగ్గర గోడకు మేకుకు గుచ్చిన కాగితాలు రెండు. ఒకటి పాత ఫార్ములా, రెండోది కొత్తది.

ఆ ఏడాది సోయా సంగతి కోళ్ల రంగంలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. ఏడాది కిందట కిలో నలభై రూపాయల్లోపు ఉన్న సోయా డీఓసీ (నూనె తీసిన సోయా చెక్క) 2021 ఆగస్టు మొదట్లో వంద దగ్గరికి చేరింది. చివరికి కేంద్రం ఆ నెలలోనే 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా డీఓసీ దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈయన పిల్లల్ని దింపాడు. నూరు కిలోలకు 36 కిలోలు వేసే సోయాను 18కి కోశాడు. బదులు రైస్ డీడీజీఎస్ 12 కిలోలు, పల్లి చెక్క 8 కిలోలు. బియ్యం నుంచి స్పిరిట్ తీయగా మిగిలిన పిప్పే రైస్ డీడీజీఎస్. బస్తా మీద 45 శాతం ప్రోటీన్ అని రాసి ఉంటుంది, సోయా ధరలో సగం కూడా ఉండదు. పల్లి చెక్క ప్రోటీన్ కూడా ఇంచుమించు అంతే. ప్రోటీన్‌కు ప్రోటీన్ సరిపోయింది కదా అని, పిరమైపోయిన సింథటిక్ లైసిన్ (ప్రోటీన్‌కు ఇటుక లాంటి ఒక అమైనో ఆమ్లం) పొడిని పూర్తిగా తీసేశాడు.

తెలివితక్కువ పని అనడానికి లేదు. కలిపాక శాంపిల్ ల్యాబ్‌కు పంపించాడు కూడా. ఆ రిపోర్టు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచి నా చేతిలో పెట్టాడు. క్రూడ్ ప్రోటీన్ 22.3 శాతం. బ్రాయిలర్ స్టార్టర్‌కు, అంటే చిన్న పిల్లల దాణాకు, బీఐఎస్ చెప్పేది 22. "దాణా కరెక్టే ఉంది సార్, మీరే చూడుండ్రి."

చూశాను. రిపోర్టులో తప్పు లేదు. ల్యాబ్‌లో కొలిచేది ప్రోటీన్‌ను కాదు, నత్రజనిని. వచ్చిన నత్రజనిని 6.25తో హెచ్చిస్తే దానికి క్రూడ్ ప్రోటీన్ అని పేరు. ఆ నత్రజని సోయాదా, పల్లిదా, ఈక పొడిదా, చివరికి యూరియాదా అన్నది ఆ అంకెకు తెలియదు. యూరియా అనుమానం తీర్చుకోవాలని డీడీజీఎస్ బస్తాలోంచి గుప్పెడు తీసి, పచ్చి సోయా పిండి కలిపి, నీళ్లు పోసి, ఎర్ర లిట్మస్ కాగితం పెట్టి చూశాను. నీలానికి మారలేదు. కల్తీ లేదు. ఇచ్చినవాడు చెప్పిన సరుకే ఇచ్చాడు.

అక్కడే కూర్చుని కాగితం వెనక లైసిన్ లెక్క వేశాం. మక్కలు 58 కిలోల నుంచి 0.15, సోయా 18 కిలోల నుంచి 0.50, డీడీజీఎస్ నుంచి 0.16, పల్లి చెక్క నుంచి 0.12. మొత్తం 0.93 శాతం. పాత ఫార్ములాలో ఇదే లెక్క 1.31 వస్తుంది. స్టార్టర్‌కు బీఐఎస్ లైసిన్ 1.2. నేను వాడిన అంకెలు పుస్తకాలవి. పన్నెండు రోజుల తర్వాత ఇంకో ల్యాబ్ నుంచి అమైనో ఆమ్లాల రిపోర్టు వచ్చింది, అందులో 0.89. డీడీజీఎస్ ఆరబెట్టేటప్పుడు వేడికి లైసిన్ కొంత చక్కెరలతో కట్టుకుపోతుంది. అలా కట్టుకున్నది ల్యాబ్ లెక్కలో కనిపించినా కోడి పేగులో ఊడిరాదు. కాబట్టి పిల్లకు నిజంగా అందింది ఇంకా తక్కువే.

ఆయనకు నేను చెప్పింది బీడీల లెక్కలో. వాళ్లింట్లోనూ బీడీలు చుడతారు. ఆకు గంపెడు ఉంది, తంబాకు గంపెడు ఉంది, దారం అయిపోయింది. ఎన్ని బీడీలవుతాయి? దారం ఉన్నన్నే. కండ అల్లాలంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాలు ఒక వరుసలో పడాలి, అన్నీ ఒకేసారి చేతికి అందాలి. వాటిలో లైసిన్ లాంటివి కోడి సొంతంగా చేసుకోలేదు, దాణాలోంచే రావాలి. ఒకటి తగ్గితే అల్లిక అక్కడే ఆగుతుంది. మిగిలిపోయిన వాటిని రేపటికి దాచుకునే సంచి ఏదీ కోడి ఒంట్లో లేదు. వాటిలోంచి నత్రజనిని ఊడదీసి యూరిక్ ఆమ్లంగా రెట్టలో పారేస్తుంది. మిగిలిన భాగాన్ని శక్తిగా కాలుస్తుంది. అప్పటికే మక్కల నుంచి, నూనె నుంచి శక్తి పుష్కలంగా ఉంది. కండ కట్టడానికి ఖర్చు కావాల్సిన శక్తి ఖర్చు కాలేదు. అది పోయేది కార్జానికి, అక్కడ కొవ్వై పొట్టలోకి.

"బీడీ అయితే దారం కొనుక్కొచ్చేదాకా ఆకు ఆగుతది. కోడిల ఆగదన్నట్టు," అన్నాడు. నేను చెప్పినదానికంటే బాగా చెప్పాడు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. టెక్సస్‌లో జి.ఎస్. ఫ్రాప్స్ 1943లోనే దాణాలో ప్రోటీన్, శక్తి మారితే కోడి ఒంటి కూర్పు మారుతుందని చూపించాడు. 1956లో డొనాల్డ్‌సన్, కోంబ్స్, రొమోసర్ అనే ముగ్గురు, పిల్లల దాణాలో ప్రోటీన్‌తో పోలిస్తే క్యాలరీలు పెరిగేకొద్దీ ఒంట్లో కొవ్వు పెరిగి నీరు తగ్గుతుందని తేల్చారు. మన బీఐఎస్ అంకెల్లోనూ ఆ నిష్పత్తి దాగి ఉంది. మొదటి వారం ప్రీస్టార్టర్‌లో 23 శాతం ప్రోటీన్‌కు కిలో దాణాలో 3,000 కిలోక్యాలరీలు, స్టార్టర్‌లో 22కి 3,100, చివరి దశ దాణా ఫినిషర్‌లో 20కి 3,200. ప్రోటీన్‌లో ఒక్కో శాతానికి 130, 141, 160 కిలోక్యాలరీలన్నమాట. పిల్ల ఎంత చిన్నదైతే ప్రోటీన్ పట్టు అంత గట్టిగా ఉండాలి. కాలేజీలో 22, 20 అని బట్టీపట్టాం గానీ ఆ వరుస ఎందుకలా ఉందో నాకు అర్థమైంది ఫారాలు తిరగడం మొదలయ్యాకే.

నీరు తగ్గుతుందన్న ఆ చిన్న మాటలోనే ఎఫ్‌సీఆర్ రహస్యం అంతా ఉంది. కండలో ముప్పావు వంతు నీళ్లు, ఐదో వంతు ప్రోటీన్. ప్రోటీన్ గ్రాముకు దాదాపు 5.6 కిలోక్యాలరీలు, కొవ్వు గ్రాముకు 9.4. కొవ్వు ముద్దలో నీళ్లు చాలా కొంచెం. లెక్కేస్తే ఒక గ్రాము కండలో దాగిన శక్తి 1.2 కిలోక్యాలరీలకు అటూ ఇటూ. ఒక గ్రాము పొట్టకొవ్వులో ఎనిమిది దాకా. అదే మేత కండగా మారితే నీళ్లు కూడా తోడై తూకం పెరుగుతుంది. కొవ్వుగా మారితే తూకానికి దొరకదు. రైతు వెతుకుతున్నది ఇదే. తిన్నది ఎటూ పోలేదు, తక్కువ బరువున్న రూపంలో పొట్టలోనే కూర్చుంది.

ఇంతా విన్నాక ఆయనకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. కిందటి బ్యాచ్ జులైలో అమ్మినప్పుడు చికెన్ సెంటర్ అతను ఫోన్ చేసి గొడవపడ్డాడట. "కోళ్లల్ల చర్బీ తప్ప ఏం లేదు అన్నా, కోస్తె తోలు, చర్బీ బకెట్ నిండుతున్నది, బోన్‌లెస్ వెళ్తలేదు" అని. రేటు తగ్గించడానికి నాటకమనుకుని ఈయన పట్టించుకోలేదు. అడిగితే తేలిందేమిటంటే, అప్పటికే సోయా డెబ్బై దాటింది కాబట్టి జూన్ చివర్లో ఫినిషర్‌లో ఇదే మార్పు చేశాడు. స్టార్టర్‌ను ముట్టుకోలేదు. అమ్మకం బరువు 50 గ్రాములు మాత్రమే తగ్గింది, వానలని సరిపెట్టుకున్నాడు. ఆ ధైర్యంతోనే ఈసారి స్టార్టర్ కూడా మార్చాడు.

నాకు ఈ కేసులో అన్నిటికంటే విలువైన సమాచారం ఇదే అనిపించింది. ఒకే కోత, రెండు వయసులు, రెండు రకాల దెబ్బలు. పెద్ద కోడికి లైసిన్ కొద్దిగా తగ్గితే అది ఇంకాస్త తిని లోటు పూడ్చుకోజూస్తుంది, బరువు ఇంచుమించు నిలబడుతుంది, కొవ్వు మాత్రం పెరుగుతుంది. మన దగ్గర కోడి లైవ్ తూకం మీద అమ్ముడవుతుంది, కొవ్వుకూ కండకూ ఒకే రేటు. కాబట్టి రైతు త్రాసుకు అది కనిపించదు, చికెన్ సెంటర్ కత్తికి కనిపిస్తుంది. చిన్న పిల్లకు ఆ వెసులుబాటు లేదు. దాని పొట్ట చిన్నది, అవసరం పెద్దది. 42 గ్రాముల పిల్ల వారంలో నాలుగింతలవుతుంది. దాణా కూర్పు మరీ వంకరైతే ఎక్కువ తినడానికి బదులు మేత తగ్గిస్తుంది కూడా. బరువూ పోతుంది, కొవ్వూ వస్తుంది.

మొదటి వారానికి ఇంకో ప్రాముఖ్యం ఉంది. కండ పోగుల లెక్క గుడ్డులో ఉండగానే ఖాయమైపోతుంది. పిల్ల బయటికొచ్చాక పోగులు లావవుతాయి తప్ప సంఖ్య పెరగదు. అవి లావవడానికి కేంద్రకాలను అందించేవి శాటిలైట్ కణాలు. అవి చురుగ్గా విభజన చెందేది పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన మొదటి కొద్ది రోజుల్లోనే. ఆ రోజుల్లో తిండి చెడితే తర్వాత ఎంత పెట్టినా రొమ్ము కొంత బాకీ ఉండిపోతుంది. అందుకే రైతుకు ముందే చెప్పేశాను: ఈ బ్యాచ్ పాత బరువుకు రాదు, ఎంతవరకు లాగగలమో చూద్దాం.

"అసలు దాణాదే తప్పని ఎట్ల నమ్మాలె సార్?" అన్నాడాయన. న్యాయమైన ప్రశ్న. వారం కిందట ఇదే నోటితో కాక్సిడియోసిస్ అన్నాను కదా. ఆయనే ఒక షరతు పెట్టాడు: రెండో షెడ్డు మూలన జాలి కట్టి 60 పిల్లల్ని పాత దాణా మీదే, అంటే తను కలిపిన చౌక దాణా మీదే ఉంచుదాం. నాకూ అదే కావాలి, కాకపోతే అడగడానికి మొహమాటపడ్డాను.

రెండో షెడ్డుకు నేను ఇచ్చిన ఫార్ములా: మక్కలు 64, సోయా 18, డీడీజీఎస్ 7, పల్లి చెక్క 4, నూనె 3, మినరల్స్ అవీ 3, దాని మీద లైసిన్ 400 గ్రాములు, మెథియోనిన్ 250, త్రియోనిన్ 100 (ఇవీ అమైనో ఆమ్లాలే). సోయా ఒక్క కిలో కూడా పెంచలేదు. ప్రోటీన్ 19.5కి దిగింది, అంటే ముందున్నదానికంటే దాదాపు మూడు శాతం తక్కువ. లైసిన్ మాత్రం 1.1 దాటింది. మెథియోనిన్ మీద కూడా దృష్టి పెట్టడానికి కారణం ఈకలు. ఈక దాదాపు అంతా ప్రోటీనే, అందులో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం మెండు, ఆ సిస్టీన్‌ను కోడి మెథియోనిన్ నుంచే చేసుకుంటుంది.

ప్రోటీన్ తగ్గించి బాగుచేస్తానంటే ఆయనకు మింగుడుపడలేదు. మొదటి షెడ్డు తన ఇష్టానికి వదలమన్నాడు. సోయా అప్పు తెచ్చి మరీ పెంచాడు, ఎండు చేపల పొడి కలిపాడు, లైసిన్ కూడా వేశాడు. లెక్కేస్తే 24.5 శాతం ప్రోటీన్. మూడు వారాలు దాటిన కోడికి అది దండగ. నేను వద్దన్నాను గానీ గట్టిగా అనలేదు. తప్పు నాదీ ఉంది కాబట్టి గొంతు లేవలేదు.

23వ రోజు నుంచి మూడు దాణాలు నడిచాయి. నాలుగైదు రోజులకే రెండు షెడ్లలోనూ ఈకలు దగ్గరపడ్డాయి. పదో రోజుకు మొదటి షెడ్డులో ఇంకో గొడవ మొదలైంది. ఊక తడిసి ముద్దవుతోంది. పొద్దున్నే పరదాలు ఎత్తగానే అమ్మోనియా కళ్లలో కొడుతోంది. కోళ్లు నీళ్లు ఎక్కువ తాగుతున్నాయి. పనికిరాని నత్రజనిని యూరిక్ ఆమ్లంగా కడిగి పంపాలంటే మూత్రపిండాలకు నీళ్లు కావాలి; ఆ నీళ్లన్నీ ఊకలోకి. పైగా చేపల పొడిలో ఉప్పు ఎంతుందో ఎవరూ చూడలేదు. రెండుసార్లు ఊక తిరగేసి, సున్నం చల్లి, కొత్త ఊక పరిచారు. అరికాళ్లు పుండ్లు పడ్డ కోళ్లు ఆ షెడ్డులోనే కనిపించాయి.

40వ రోజు అమ్మకం. మొదటి షెడ్డు సగటు 1,980 గ్రాములు, ఎఫ్‌సీఆర్ 1.80. రెండో షెడ్డు 1,960, ఎఫ్‌సీఆర్ 1.82. జాలి మూలలోని 60 కోళ్లు 1,560, ఎఫ్‌సీఆర్ 2.19. పాత బ్యాచ్‌లు ఇదే వయసుకు 2,300 దగ్గర ఉండేవి, అక్కడికి ఏదీ చేరలేదు.

చికెన్ సెంటర్ అతన్ని ఒప్పించి ఒక్కో గుంపు నుంచి పది కోళ్లను అతని దగ్గరే కోయించాం. పొట్టకొవ్వు లైవ్ బరువులో మొదటి షెడ్డు 1.4 శాతం, రెండో షెడ్డు 1.9, జాలి మూల 3.3. ఎముక లేని రొమ్ము 20.5, 20.1, 16.2. మూల కోడిని కోసి కొవ్వు ముద్దను చేత్తో పైకెత్తి "నేను జులైలనే చెప్పిన" అన్నాడతను. రైతు ఏమీ అనలేదు.

ఈ అంకెల్ని పరిశోధన అనుకోవద్దు. మూలన 60 కోళ్లు ఒక్క గుంపు, ఇరుకు వేరు, గాలి వేరు. 1.4కూ 1.9కూ మధ్య తేడాను పది కోళ్ల మీద నేను పందెం కాయను. కొవ్వు విషయంలో ఆడ పిల్లకు మగ పిల్లకు కూడా తేడా ఉంటుంది, మేం వేరుచేసి కోయలేదు. ప్రోటీన్ బాగా ఎక్కువైతే కార్జంలో కొవ్వు తయారీ తగ్గుతుందన్నది తెలిసిన సంగతే కాబట్టి ఆ దిశ సరైనదే అనుకుంటాను. కానీ మూల కోళ్లకూ మిగతావాటికీ ఉన్న తేడా చూడటానికి త్రాసు కూడా అక్కర్లేదు.

డబ్బు లెక్క ఆయన నోటుబుక్కులో ఉంది, ఇక్కడ పూర్తిగా పెట్టను. మొదటి షెడ్డు 20 గ్రాములు ఎక్కువ తూగింది గానీ దాని దాణా కిలోకు ఎనిమిది రూపాయలు ఎక్కువ పడింది, ఊక ఖర్చు వేరే. బ్యాచ్ మొత్తం మీద నష్టమే. ఆ నష్టంలో నా ఆరు రోజుల వాటా ఎంతో ఆయన అడగలేదు, నేనే చెప్పి ఆ నెల ఫీజు తీసుకోలేదు.

ఇది బ్రాయిలర్ కేసు అని గుర్తుంచుకోవాలి. ఇదే దాణా పెరటి కోళ్లకు, అంటే రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్ల వనరాజా, గ్రామప్రియ లాంటివాటికి పెట్టి ఉంటే ఇంత దెబ్బ కనిపించేది కాదు. రోజుకు ఎంత కండ కట్టాలన్నదాన్ని బట్టి దారం కావాలి. నెమ్మదిగా పెరిగే పిల్లకు కొంత తక్కువతో నడుస్తుంది.

ఆ తర్వాత నేను మార్చుకున్నవి రెండు. పెరుగుదల తక్కువ అని ఫోన్ వస్తే మందు పేరు చెప్పేముందు దాణా ఫార్ములా ఫోటో పంపమంటాను, ఈమధ్య ఏది మార్చారో అడుగుతాను. వెళ్లినప్పుడు చచ్చిన పిల్లను ఒక్కదాన్నే కాదు, సగటు బరువున్న బతికిన పిల్లల్ని కూడా కోసి పొట్టకొవ్వు, రొమ్ము తూస్తాను. ఆ వంటింటి తూకం లాంటిదే ఒకటి కారులో ఉంటుంది.

బ్యాచ్ ఎత్తేశాక మిక్సర్ గదిలో పద్నాలుగు బస్తాల పల్లి చెక్క మిగిలింది. ఏం చేయాలని ఆయన అడిగితే, బూజు పట్టిన బస్తాలు ఉంటే ఏరి పారేసి మిగతావి పాడి ఉన్నవాళ్లకు అమ్మేయమన్నాను. బర్రెకు ఈ గొడవ లేదు. దాని కడుపులోని సూక్ష్మజీవులు దొరికిన నత్రజనితోనే లైసిన్ తయారుచేసి పెడతాయి. పక్కింటాయన కొన్నాడు. వారం తర్వాత పాలు అర లీటరు పెరిగాయని కబురు పంపాడట.